కూజీకి ఇస్త్రీ ఎందుకండీ!

టెక్సస్‌లో ఏ తెలుగువారింటికైనా వెళ్ళి వంటింట్లో కింది సొరుగు లాగి చూడండి. పనికిరాని చార్జర్లు, పిజ్జాతో వచ్చిన మిరప్పొడి పొట్లాలు, వాటి అడుగున అట్టల్లా అణిగిపోయిన కూజీలు రెండు మూడు తప్పకుండా దొరుకుతాయి. కూజీ అంటే తెలుసుగా, చల్లటి కూల్‌డ్రింకు టిన్నుకి వేసే మెత్తటి తొడుగు. ఒకదాని మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు పేర్లుంటాయి. ఇంకోదాని మీద ఎవరి పాపదో ఓణీల ఫంక్షన్ తారీఖు. మూడోదాని మీద ఇళ్ళమ్మిపెట్టే రియల్టరు గారి నవ్వుమొహం, ఆ నవ్వుకి సరిగ్గా అడ్డంగా ఒక ముడత. ఇవాళ మన కబుర్లు ఆ ముడత గురించే.

ఇంతోటిదానికి కబుర్లా అని నవ్వకండి. సొరుగులో పడున్నవాటి మాట వదిలేయండి, రియల్టరు గారి మొహం ఎలా ఉంటే మనకేం? కానీ వచ్చే శనివారం మనవరాలి ఓణీల ఫంక్షన్, రిటర్న్ గిఫ్టులుగా వంద కూజీలు పేరు వేయించి తెప్పించారు, పెట్టె విప్పితే పాతికేసి చొప్పున రబ్బరు బ్యాండ్లు బిగించిన కట్టలు, ప్రతి కూజీకీ పిల్ల పేరు మీదుగా ఒక గీత. అప్పుడు ఇంట్లో ఎంత హడావుడో ఊహించుకోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మగారు ముందు అనే మాట ఒకటే: "ఇస్త్రీ పెట్టె ఇటు తేమ్మా."

మనకి అది రక్తంలో ఉంది లెండి. వీధి చివర బొగ్గుల ఇస్త్రీ బండి చూస్తూ పెరిగినవాళ్ళం. నలిగింది అంటే ఇస్త్రీ, అంతే. గంజిపెట్టిన చీరకి ఆ మందు సరిపోతుంది. కూజీకి మాత్రం అది ఆఖరి మందు. చాలాసార్లు అసలు అక్కర్లేని మందు కూడాను.

ఎందుకంటే అది బట్ట కాదు. పైనా కిందా పల్చటి పాలియెస్టరు గుడ్డ, మధ్యలో మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన రబ్బరు నురుగు. మంచి రకమైతే ఆ రబ్బరు పేరు నియోప్రీన్. 1930లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో, వాలెస్ కరోథర్స్ బృందంలో ఆర్నాల్డ్ కాలిన్స్ అనే రసాయనవేత్త చేతిలో పుట్టింది. దానికి ముడిసరుకు దారి చూపింది నోట్రడామ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే జూలియస్ న్యూలాండ్ అనే క్రైస్తవ ఫాదరీ. ఆ కరోథర్సే తర్వాత నైలాన్ కూడా కనిపెట్టించాడు. అంటే మన నైలాన్ చీరకీ ఈ కూజీకీ పుట్టిల్లు ఒకటే. మొదట్లో ఈ రబ్బరు కంపు భరించలేకపోయేవారట. ఇప్పటికీ కొత్త పెట్టె విప్పగానే ఒక వాసన వస్తుంది చూడండి, అది మాత్రం ఒక పూట గాలికి ఆరబెడితే పోతుంది.

దీన్నే నురుగులా ఉబ్బించి, సముద్రంలో ఈదేవాళ్ళకి ఒంటికి అతుక్కునే సూట్లు కుట్టారు 1950ల్లో. ఆ తర్వాత టిన్నులకి ఎక్కింది. కూజీ అన్న పేరుకి ట్రేడ్‌మార్కు టెక్సస్‌లోనే, శాన్ ఆంటోనియో కంపెనీ ఒకటి 1980లో తీసుకుంది. ఆస్ట్రేలియాలో మనవాళ్ళుంటే వాళ్ళనడగండి, అక్కడ దీన్ని స్టబ్బీ హోల్డర్ అంటారు, ఇంకాస్త మందంగా, గట్టిగా ఉంటుంది. బీరు తాగేవాళ్ళ సరంజామా అని మొహం చిట్లించకండి. థమ్స్ అప్‌కైనా, కొబ్బరినీళ్ళ డబ్బాకైనా అది చేసే పని అదే.

సరే, ముడతెందుకు పడుతుంది? ఆ నురుగులో వేలకొద్దీ బుడగలు, దేని గది దానిదే. మడత పెట్టి మీద బరువు పడేస్తే, మడత లోపలి వైపు బుడగలు నలుగుతాయి, బయటి వైపువి సాగుతాయి. గంటో రెండు గంటలో అయితే రబ్బరు తనంతట తానే లేస్తుంది. వారాల తరబడి ఉంచితే బుడగల్లో గాలి మెల్లమెల్లగా బయటికి జారుకుంటుంది, రబ్బరుకీ ఆ వంపు అలవాటైపోతుంది. దానికి తోడు జూలై ఎండలో లారీలో ప్రయాణం. పై గుడ్డ పాలియెస్టరు కదా, వేడిలో ఏ ఆకారంలో ఉంచితే చల్లారాక ఆ ఆకారాన్నే పట్టుకుంటుంది.

మందు కూడా అక్కడే ఉంది. ఏ గుణం వల్ల ముడత పడిందో ఆ గుణంతోనే తీయాలి. కాస్త వెచ్చబెట్టి, మనక్కావలసిన ఆకారంలో నిలబెట్టి, అలాగే చల్లారనివ్వాలి. వేడి ఒక్కటే చాలదు. హెయిర్ డ్రయ్యర్‌తో పది నిమిషాలు ఊది, మళ్ళీ బల్లమీద పడేస్తే ఏమీ జరగదు. చల్లారేటప్పుడు లోపల నిండుగా ఏదో ఒకటి ఉండాలి.

ఏముండాలి అంటే, నిండు టిన్ను. ఖాళీది వద్దు, నొక్కితే సొట్టపడుతుంది. సన్నటి టిన్నూ వద్దు. అమెరికాలో మామూలు టిన్ను 355 మిల్లీలీటర్లది, అడ్డంగా 66 మిల్లీమీటర్లు, కూజీ కొలత దానికే. ఇప్పుడు ఇండియాలోనూ అమెరికాలోనూ సన్నగా పొడుగ్గా వచ్చే టిన్నులకి అదే కూజీ తొడిగితే వదులుగా వేలాడుతుంది, ముడత మీద లాగుడే ఉండదు. ఫ్రిజ్‌లోంచి తీసిన టిన్ను అసలు వద్దు, చల్లదనానికి రబ్బరు బిగుసుకుంటుంది. అన్నిటికన్నా మంచిది ఒంటిపొర స్టీలు బాటిల్. చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్ళు అందులో పోసి, మూత బిగించి, కూజీ తొడగండి. అప్పుడు వేడీ, ఒత్తిడీ రెండూ లోపల్నుంచే వస్తాయి. ఇక్కడ చాలామంది ఫ్లాస్కులాంటి రెండుపొరల బాటిల్‌లో నీళ్ళు పోసి, రాత్రంతా ఉంచినా ఏమీ కాలేదండీ అంటారు. ఎలా అవుతుంది? వేడి బయటికి రాకుండా ఉండాలనేగా ఆ బాటిల్ కొన్నది!

ముడత ఏ దిక్కున ఉందో కూడా చూసుకోండి. నిలువు ముడత టిన్ను తొడగ్గానే సగం పోతుంది, గుండ్రంగా సాగేటప్పుడు అదీ సాగుతుంది కాబట్టి. కూజీకి రెండు పక్కలా ఉండే నిలువు మడతలు కుట్టు ప్రకారం వచ్చినవి, వాటి గురించి దిగులు వద్దు. మొండిది అడ్డ ముడత. కూజీని సగానికి మడిచి కట్ట కట్టినప్పుడు వచ్చేది అది. టిన్ను దాన్ని పైకీ కిందకీ లాగదు, మనమే లాగాలి. ముందు కూజీని లోపలిది బయటికి తిరగేయండి. ముడత ఎటు వంగిందో దానికి ఎదురు వంగుతుంది. అలాగే వెచ్చటి నీళ్ళలో కొంచెంసేపు నానబెట్టి, నీళ్ళు పిండకుండా రెండు అరచేతుల మధ్య అద్ది, తిరగేసినట్టే బాటిల్‌కి తొడగండి. బొటనవేలిని గీత మధ్యలో పెట్టి మెల్లగా పైకొకసారి, కిందకొకసారి రాయండి. వేలి కింద చిన్న గట్టులా తగులుతున్నది కాసేపటికి మెత్తబడుతుంది, తెలుస్తుంది. రాత్రంతా వదిలేయండి. పొద్దున సరిగ్గా తిప్పి తొడిగి, మళ్ళీ అంతసేపు ఉంచండి.

ఓపిక లేనివాళ్ళకి ఆవిరి ఉంది. కెటిల్ ముక్కు దగ్గర జానెడు దూరంలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, గబుక్కున బాటిల్‌కి తొడిగేయడమే. వేళ్ళు జాగ్రత్త. కొందరు కారు డాష్‌బోర్డు మీద పెడతారు, డల్లస్ ఎండకి ఇట్టే వెచ్చబడుతుందని. వెచ్చబడుతుంది, నిజమే, కానీ దయచేసి దాని లోపల సోడా టిన్ను పెట్టి మాత్రం కారులో వదలకండి. అది పేలితే సీట్లు తుడుచుకోవడమే సరిపోతుంది.

ఇక ఇస్త్రీ. మాకు తెలిసిన ఒకావిడ, చేతిలో మంచి పనితనం ఉన్న మనిషే, కొడుకు పెళ్ళి కూజీకి పెట్టె ఆనించింది. పెట్టె లేచింది, కోడలి పేరులో సగం అక్షరాలు కూడా పెట్టెతోపాటే లేచాయి. ఆ అక్షరాలు రంగు కాదు మరి, వేడికి అతికించిన పల్చటి ప్లాస్టిక్ పొర. మిగతా సగం కూజీ మీద జీడిలా సాగాయి. వియ్యపురాలు అక్కడే కూర్చుని చూసిందట, పెదవి విప్పలేదట.

"మరి ప్రింటు వేసేవాడు 200 డిగ్రీల వేడి ప్రెస్సులో పెడతాడుగా" అని మీలో తెలిసినవాళ్ళు అడుగుతారు. నిజమే. రంగు ఆవిరై పాలియెస్టరులోకి ఇంకే రకం ప్రింటుకి అంత వేడీ కావాలి. కానీ అతను నిమిషం లోపు, అన్నివైపులా ఒకే ఒత్తిడితో నొక్కి తీసేస్తాడు, అదీ చాలాచోట్ల ఇంకా కుట్టని బల్లపరుపు ముక్క మీద. మీరు పెట్టేది కుట్టేసిన గొట్టం మీద. కింద అంచు కుట్టు పై గుడ్డ మీద అచ్చుపడుతుంది, నురుగు శాశ్వతంగా అణిగిపోతుంది, అదే రంగు మళ్ళీ ఆవిరై వెనకవైపు గుడ్డకి అంటుకున్నా అంటుకుంటుంది. అయినా పెట్టి తీరతానంటారా, పెట్టెని బాగా తక్కువ వేడిలో ఉంచి, కూజీ తిరగేసి, మీద తడిపి పిండిన నూలుగుడ్డ పరిచి, రెండు క్షణాలు ఆనించి ఎత్తేయండి, రుద్దకండి. చవక రకం, అంటే స్పాంజి నురుగుకి గుడ్డ జిగురుతో అతికించినది అయితే ఆ మాత్రం కూడా వద్దు. జిగురు కరిగి గుడ్డ బుడగలు లేస్తుంది.

అసలు ఈ ముడత వల్ల చల్లదనానికేమైనా నష్టమా? నాకైతే లేదనే అనిపిస్తుంది. కూజీ చేసే పెద్ద మేలు ఏమిటో తెలిస్తే మీరూ అదే అంటారు. సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాతావరణ శాస్త్రజ్ఞులు డేల్ డ్యురాన్, డార్గన్ ఫ్రైయర్‌సన్ ఈ టిన్ను సంగతి పట్టుకుని 2013లో ఫిజిక్స్ టుడే పత్రికలో రాశారు. మొదటి ప్రయోగం ఎక్కడ చేశారనుకున్నారు, ఫ్రైయర్‌సన్ ఇంటి బేస్‌మెంట్ బాత్‌రూంలో, ఒక హీటరు, వేడినీళ్ళ షవరు పెట్టుకుని! తేల్చిందేమిటంటే, చల్లటి టిన్ను మీద పట్టే చెమట ఊరికే పట్టదు. గాల్లో ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలోని వేడిని టిన్నుకి వదిలేస్తుంది. మిల్లీమీటరులో పదోవంతు మందాన చెమట పడితే చాలు, లోపలి పానీయం 5 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడెక్కుతుంది. మన మట్టి కూజాదీ ఇదే లెక్క, తిరగేసి. కూజా ఒంటిమీది తడి ఆరిపోతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది, టిన్ను ఒంటిమీది తడి చేరుతూ వేడిని తెచ్చిపెడుతుంది. అందుకే ఉక్కపోత ఊళ్ళలో, హూస్టన్ కానివ్వండి, విశాఖ కానివ్వండి, తొడుగు విలువ ఎక్కువ. టిన్నుకి గాలి తగలకుండా ఒంటికి అంటుకుని ఉంటే చాలు, మీద గీత ఉంటే ఉండనివ్వండి. మందం బాగా అణిగిపోయినవీ, కుట్టు విడిపోయి నోరు తెరిచినవీ మాత్రం పారేయొచ్చు.

ఉతకడం మాటకొస్తే చన్నీళ్ళు, చేతి సబ్బు, నీడపట్టున ఆరవేత. డ్రయ్యరులో వేయడమంటే కొత్త ముడతలు మళ్ళీ పిలిచి తెచ్చుకోవడమే. దాచేటప్పుడు సగానికి మడవకండి, బల్లపరుపుగా ఒకదాని మీద ఒకటి పేర్చి, మీద ఏ బరువూ పెట్టకండి.

ఫంక్షన్ వాళ్ళకి ఒక్క మాట. కూజీల పార్సిల్ వచ్చిన రోజునే విప్పండి, ముందు రోజు రాత్రి దాకా ఆగకండి. ముందా రబ్బరు బ్యాండ్లు పీకేసి, గెస్టు రూము మంచం మీద పరిచేయండి. వారం తిరిగేసరికి చాలావాటికి ముడత దానంతట అదే పోతుంది. మిగిలిన నాలుగైదిటికి స్టీలు బాటిల్ చాలు, అమ్మమ్మగారి చేతికి మాత్రం ఇస్త్రీ పెట్టె ఇవ్వకండి.