సీసాలో ఓడ

లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ నాలుగు మూలలా నాలుగు రాతి దిమ్మెలున్నాయి. ఒకదాని మీద నాలుగో జార్జి గుర్రమెక్కి ఉంటాడు. రెండింటి మీద సేనానులు: సింధును ఆక్రమించిన నేపియర్, 1857 తిరుగుబాటును అణచినవారిలో ఒకడైన హావ్‌లాక్. ఇద్దరికీ పేరు తెచ్చింది భారతదేశమే. అక్కడ ఫోటోలు దిగే మనవాళ్లలో ఆ పేర్లు చదివేవారు అరుదు. నాలుగో దిమ్మె మీదికి నాలుగో విలియం విగ్రహం రావాల్సింది. డబ్బు చాలక 150 ఏళ్లకు పైగా బోసిగా ఉండిపోయింది. 1999 నుంచి దాని మీద సమకాలీన కళాకృతులను వంతులవారీగా నిలుపుతున్నారు.

2010 మే 24న అక్కడ ఒక పెద్ద సీసా వెలిసింది. లోపల ఓడ. చేసినవాడు యింకా షోనిబారే. 1962లో లండన్‌లో పుట్టి, నైజీరియాలోని లాగోస్‌లో పెరిగాడు. 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ ఎక్కి పోరాడి, అక్కడే ప్రాణం విడిచిన ‘విక్టరీ’కి ఈ ఓడ 30వ వంతు నమూనా. అంతా అసలుదానిలాగే ఉంటుంది, తెరచాపలు తప్ప. ఆ 37 తెరచాపల మీదా ముదురు రంగుల అద్దకమే.

చూసినవారు దాన్ని ఆఫ్రికా బట్ట అనేస్తారు. దాని పుట్టుక వేరు. జావాలో కరిగించిన మైనంతో బొమ్మ గీసి, గుడ్డను రంగులో ముంచుతారు. మైనం ఉన్నచోట రంగు పట్టదు. అదే బాతిక్. 19వ శతాబ్దంలో డచ్చి మిల్లులు దాన్ని యంత్రాల మీద అనుకరించి ఆ దీవుల్లోనే అమ్మజూశాయి. అక్కడ ఆశించినంత సాగలేదు గానీ పశ్చిమాఫ్రికాలో గిరాకీ దొరికింది. తర్వాత మాంచెస్టర్ కూడా ఆ వ్యాపారంలోకి దిగింది. షోనిబారే ఆ గుడ్డను కొన్నది లండన్‌లో, బ్రిక్స్టన్ మార్కెట్లో.

ఈ దారికి ఇంకా పాత కొస ఒకటి మచిలీపట్నంలో ఉంది. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లిషువారు అక్కడ వర్తక స్థావరాలు పెట్టింది ముఖ్యంగా బట్టల కోసమే. కోరమండల్ తీరపు గుడ్డలిచ్చి తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనేవారు. నీలిమందు వేసేటప్పుడు రంగు అంటకూడని చోట మైనం పూయడం ఈ తీరపు అద్దకంవారికీ తెలిసిన పనే. షోనిబారే ఓడలో మచిలీపట్నం ఊసు లేదు. తెలుగువారి కంటికి మాత్రం ఆ తెరచాపలు అటే చూపిస్తాయి.

2003లో చేసిన ‘స్క్రాంబుల్ ఫర్ ఆఫ్రికా’లో అతను ఇంత గుట్టుగా లేడు. ఆఫ్రికా పటం చెక్కిన బల్ల చుట్టూ, అదే అద్దకపు గుడ్డతో కుట్టిన సూట్లలో 14 మంది తల లేని పెద్దమనుషులు. 1884–85 బెర్లిన్ పంపకాల సభ మీద విసురు అది. సీసాలోని ఓడ అలా నేరుగా తిట్టదు. నెల్సన్ గెలుపు తెరిచిన సముద్రపు దారుల్లోనే నేటి లండన్ జనం వచ్చి చేరారని అది ముచ్చటపడుతున్నట్టూ ఉంటుంది. అందం ముందు నెత్తురు మరుగున పడిందనే ఆక్షేపణలో కొంత నిజముంది. అయితే 2004లో వచ్చిన ‘ఎంబీఈ’ బిరుదును, అందులోని ‘ఎంపైర్’తో సహా, కావాలనే పేరు చివర తగిలించుకున్న మనిషి దగ్గర ఎత్తిపొడుపుకీ మెప్పుకీ మధ్య గీత వెతకడం కష్టం.

2012లో 3,62,500 పౌండ్ల విరాళాలు పోగుచేసి ఓడను గ్రీనిచ్‌లోని జాతీయ నౌకా మ్యూజియానికి కొన్నారు. ఆరుబయటే ఉంది, టికెట్టు అక్కర్లేదు.