టైమింగ్ బెల్టు మేమే మార్చాం

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి. ఇంట్లో పాత కారు ఉన్నోళ్లకి పనికొస్తది.

మాది గరికపాడు దగ్గర తండా. మా అన్న సెకండ్ హ్యాండ్ ఇండికా డీజిల్ బండి నడుపుతాడు. జగ్గయ్యపేట, నందిగామ, కోదాడ కిరాయిలు. మిరప కోతలప్పుడు యాడి, వదిన కూలికి పోతారు. మిగతా రోజుల్లో ఇల్లు గడిచేది ఆ బండి మీదే. నా చదువు ఖర్చూ అందులోదే.

బండి కొన్నప్పుడు టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో చెప్పే కాయితం ఒక్కటీ లేదు. రీడింగ్ చూస్తే లక్షా ఇరవై వేలు దాటింది. ఒక షెడ్డులో అడిగితే "తెగినప్పుడు చూద్దాంలే" అన్నారు.

తెగితే ఏమవుద్దో తెలుసుకోండి. కింద క్రాంకు రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా పట్టి ఉంచేది ఈ పళ్ల బెల్టే. డీజిల్ ఇంజన్లో పిస్టన్ పైకొచ్చినప్పుడు దానికీ హెడ్డుకీ మధ్య సందు చాలా తక్కువ. బెల్టు తెగితే క్యామ్ ఆగిపోద్ది, క్రాంకు ఇంకా తిరుగుతుంటది. తెరిచి ఉన్న వాల్వుల్ని పిస్టన్ గుద్దుద్ది. వాల్వులు వంగితే హెడ్డు దించాల్సిందే. మా బండి రేటుకి ఆ ఖర్చు మేం మోయలేం. చిల్లకల్లు టోల్‌గేటు దాటాక లారీల మధ్య ఇంజను ఆగితే ఇక చెప్పేదేముంది?

పెద్ద ఎత్తున తయారయ్యే కార్లలోకి ఈ రబ్బరు బెల్టు 1962లో, జర్మనీ వాళ్ల గ్లాస్ 1004 బండితో వచ్చింది. చెయిన్ కంటే చప్పుడు తక్కువ, ఆయిలు అక్కర్లేదు. కానీ రబ్బరుకి వయసుంటది. బండి తిరక్కపోయినా అది ముసలిదవుద్ది.

ఇక్కడో మాట చెప్పాలి. మన పిల్లలు షెడ్లలో ఏళ్ల తరబడి పార్టులు కడుగుతారు. టైమింగ్ పట్టే వేళకి మాత్రం టీ తెమ్మని పంపుతారు. మా అన్న ఏడో తరగతితో ఆపేసి మూడేళ్లు ఒక షెడ్డులో పనిచేశాడు. ఏ బోల్టు ఎంత బిగించాలో చెయ్యి చెప్పుద్ది గానీ, టైమింగ్ మాత్రం ఎప్పుడూ కళ్లతో చూడలేదు.

అందుకని ఇంగ్లీషు మాన్యువల్ నేను చదివి చెప్పా, పానా అన్న పట్టాడు. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, చక్రాలకి రాళ్లు పెట్టి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండు ఆనించాం. కుడి ముందు చక్రం, ఫ్యాను బెల్టు, కవరు విప్పాం. క్రాంకుని పానాతో మెల్లగా తిప్పి గుర్తులన్నీ వాటి చోటుకి తెచ్చాం. క్రాంకు, క్యామ్, డీజిల్ పంపు, మూడింటికీ తెల్ల పెయింటు చుక్కలు పెట్టి ఫోన్లో ఫొటోలు తీశాం. ఆ తర్వాతే టెన్షనర్ వదులు చేశాం. పాత బెల్టు వెనక్కి వంచితే పళ్ల మొదట్లో సన్నటి పగుళ్లు కనిపించినయ్. టెన్షనర్ కూడా కొత్తదే వేశాం.

బెల్టు లేనప్పుడు క్రాంకు గానీ క్యామ్ గానీ తిప్పకూడదు. కొత్తది ఎక్కించాక వెంటనే తాళం తిప్పకూడదు. పానాతో చేత్తోనే క్రాంకుని రెండు చుట్లు తిప్పాలి. ఎక్కడన్నా గట్టిగా తగిలితే బలం పెట్టకుండా ఆపెయ్యాలి. అన్న తిప్పుతుంటే యాడి గడపలో నిలబడి చూస్తాంది, నోట మాట లేదు. రెండు చుట్లు అయినయ్. చుక్కలు మూడూ మళ్లీ వాటి చోటుకే వచ్చినయ్. "ఇంతేనా? దీనికా నన్ను టీకి పంపింది!" అన్నాడు అన్న.

మొత్తం పొద్దున్నించి చీకటి పడేదాకా పట్టింది. షెడ్డులో అయితే ఇంకా తొందరగా అయ్యేది. అయినా వాడకట్టులో ఇద్దరు కుర్రాళ్లు పక్కన కూర్చుని మొత్తం చూశారు. వాళ్లని ఎవరూ టీకి పంపలేదు.

మీ బండి బెల్టు ఎప్పుడు మార్చారో కాయితం లేకపోతే, మార్చలేదనే అనుకోండి. మీ మోడల్ మాన్యువల్లో ఎన్ని కిలోమీటర్లకి, ఎన్నేళ్లకి మార్చమన్నాడో చూడండి. చదవడం ఇబ్బందైతే ఆ పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి, తెలుగులో రాసి పెడతా. దగ్గరోళ్లయితే ఆదివారం రండి. పానాలు మా దగ్గరున్నయ్.