ఈకల కిరీటం

నాకు మూడు పిచ్చిలు ఉన్నాయి. టీవీ కుస్తీ, ఫుట్‌బాల్, ఫోన్ ఆటలు. మా నాన్న దృష్టిలో మూడూ ఒకటే, పనిలేనివాడి పనులు. గాజువాకలో నాతో గది పంచుకుంటున్న జార్ఖండ్ ముండా అన్నకి ఫుట్‌బాల్ ఒక్కటే ఆట, మిగతావి తమాషాలు. ఇద్దరం ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి పోతాం. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి, నిద్రపోవాల్సింది పోయి వీటి మీద వాదించుకుంటాం. ఆ వాదనల్లో పదేపదే తగిలిన ఒక సంగతి మన పిల్లలకీ, వాళ్లకి పాఠాలు చెప్పే మేష్టార్లకీ చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆశ్రమ పాఠశాలలో ఉండగా మాకు డబ్ల్యూడబ్ల్యూఈ టీవీలో కన్నా ముందు కార్డుల్లో పరిచయం. సంతలో దొరికేవి. ఒక్కో కార్డు మీద ఒక మల్లుడి బొమ్మ, ఎత్తు, బరువు, ఛాతీ, కండ, ర్యాంకు. ఎవరి అంకె పెద్దదైతే వాళ్లు ఎదుటివాడి కార్డు లాగేసుకోవాలి. ఏది పెద్ద అంకె, ఏది చిన్న అంకె అన్నది మాకు లెక్కల పుస్తకం కన్నా అండర్‌టేకరే బాగా నేర్పాడు. 2007లో గ్రేట్ ఖలీ ప్రపంచ టైటిల్ గెలిచాడని తెలిసిన రోజు హాస్టల్లో అన్నం పళ్లేలు వాయించి గోల చేశాం.

"అదంతా ఉత్తుత్తిదిరా" అని పెద్దవాళ్లు అనేవారు. ఉత్తుత్తిదే. ఆ కంపెనీయే 1989లో న్యూజెర్సీ రాష్ట్ర చట్టసభకి ఇది పోటీ కాదు, వినోదం అని చెప్పుకుంది. క్రీడల కమిషన్ నిబంధనలు తప్పించుకోడానికి. దానివల్ల నాకు కుస్తీ మీద మోజు తగ్గలేదు. భాగోతంలో కీచకుణ్ణి భీముడే చంపుతాడని ఊరందరికీ తెలుసు, అయినా తెల్లారేదాకా కూర్చుంటాం. ఎవరు గెలుస్తారో ముందే రాసుకోవడం నా దృష్టిలో తప్పేం కాదు. ఎవరికి ఏ వేషం ఇస్తారు అన్న దగ్గరే నాకు పేచీ.

కమాలా అని ఒకడు ఉండేవాడు. 1980లు, 90ల వాడు, నేను ఫోన్లో పాత వీడియోలు చూసి తెలుసుకున్నాను. "ఉగాండా రాక్షసుడు" అని పిలిచేవారు. కాళ్లకి చెప్పుల్లేవు. మొహానికి ముసుగు, చేతిలో బల్లెం, పొట్ట మీద చంద్రుడూ నక్షత్రాలూ. మనుషుల్ని తింటాడని ప్రచారం. అసలు మనిషి పేరు జేమ్స్ హారిస్. అమెరికాలోని మిసిసిపీలో పుట్టిన నల్లజాతి మనిషి, లారీ తోలి బతికినవాడు. ఇంగ్లీషు తప్ప వేరే భాష రానివాడు జనం ముందు ఇంగ్లీషు మాట్లాడకూడదు, గుర్రుమనాలి. మన ఉక్కు ఫ్యాక్టరీని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టులో. అదే నెలలో లండన్ వెంబ్లీ స్టేడియంలో కమాలా అండర్‌టేకర్‌తో తలపడ్డాడు. ఆ మరుసటి ఏడు కథ మార్చారు. స్లిక్ అనే పాస్టరు వేషగాడు వచ్చి, ఇతను కూడా మనిషే, నేను ఇతన్ని మనిషిని చేస్తాను అని బయల్దేరాడు. బౌలింగ్ ఆట ఆడించడం కూడా ఆ చదువులో ఒక పాఠం. జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒకటో తరగతిలో మా భాషలో నీళ్లు అడిగితే "ముందు మనుషుల్లా మాట్లాడు" అన్న మాట విన్న చెవులివి.

జేమ్స్ హారిస్‌ని నేను ఒక్క మాట అనను. అతనికి అది జీతం. నాకు అతని ఆట ఇష్టం కూడాను, అంత ఒళ్లు వేసుకుని అంత చురుకుగా ఎగిరినవాళ్లు తక్కువ.

ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. విశాఖలో నేను డిగ్రీ చదివిన కాలేజీలో వార్షికోత్సవానికి ఏజెన్సీ పిల్లల్ని పిలిచి "ట్రైబల్ డాన్స్" వెయ్యమన్నారు. థింసా వేస్తామన్నాం. తుడుం, మోరి ఊరి నుంచి తెప్పిస్తామన్నాం. థింసా మెల్లగా ఉంటుంది, జనం లేచిపోతారన్నారు. ఆకుల లంగాలు, మొహానికి తెల్లరంగు, అట్టతో చేసిన బల్లేలు ఇచ్చారు. నోటి మీద అరచెయ్యి కొట్టుకుంటూ ఊఊ అని కూత పెట్టమన్నారు. అరకు నుంచి చింతపల్లి దాకా అలా కూసేవాణ్ణి నేను చూళ్లేదు. ఆ కూత హాలీవుడ్ సినిమాల్లోంచి మన సినిమాల్లోకి, అక్కణ్ణుంచి మా స్టేజీ మీదకి వచ్చింది. నేను వెయ్యనని చెప్పేశాను. ఇద్దరు వేశారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉంటాయో తెలిసినవాళ్లం.

కుస్తీలో అమెరికా ఆదివాసుల కథ ఇంకా విచిత్రం. చీఫ్ జే స్ట్రాంగ్‌బో అని ఈకల కిరీటం పెట్టుకుని, యుద్ధ నాట్యం చేస్తూ దుమ్ము దులిపినవాడు ఉన్నాడు. 1994లో వాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూడా చేర్చారు. అసలు పేరు జో స్కార్పా, ఇటలీ మూలాలవాడు. తర్వాత నిజమైన ఆదివాసి వచ్చాడు, టటంకా. లంబీ తెగవాడు. రెండేళ్ల దాకా ఓటమి లేకుండా నడిచాడు. కానీ టటంకా అన్న మాట లంబీలది కాదు, లకోటా తెగది, అడవి దున్న అని అర్థం. నిజమైన ఆదివాసికి కూడా పక్క తెగ పేరు తగిలిస్తే గాని ఆదివాసిలా కనిపించలేదన్నమాట. ఆ లంబీలని 1956 చట్టం పేరుకి గుర్తించి, సదుపాయాలు మాత్రం ఇవ్వలేదు. ఎస్టీ సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకి ఈ వాక్యం విడమరిచి చెప్పక్కర్లేదు.

బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి నాయుడు విగ్రహం ఉంది, చూసే ఉంటారు. మన ఉత్తరాంధ్ర వీరఘట్టం మనిషి. సర్కస్ పెట్టి, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకుని, ఇనప గొలుసులు తెంపి చూపించాడు. అదీ తమాషాయే, అదీ టిక్కెట్టు ఆటే. కానీ ఆయన తన పేరుతోనే ఆడాడు. తేడా అక్కడుంది.

ఫుట్‌బాల్ దగ్గరికొస్తే మా ముండా అన్న ఊరుకోడు. "మా వాళ్లు వేషం కట్టి ఆడలేదు, బూట్లు లేకుండా ఆడారు" అంటాడు. 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా పేరు తీస్తాడు. అది హాకీ కదా అంటే, బంతి బంతే అంటాడు. నాకు ఫుట్‌బాల్లో ఇష్టమైన కథ చిలీ దేశంది. అక్కడ కోలో కోలో అని పెద్ద క్లబ్బు, 1925లో పెట్టారు. మపూచే ఆదివాసుల నాయకుడి పేరది, చొక్కా మీద ఆయన మొహమే గుర్తు. 1991లో దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు గెలిచారు. తెల్లవాళ్లు పెట్టిన పేరే అయినా ఎగతాళికి పెట్టింది కాదు, పోరాడినవాడని పెట్టింది. వాషింగ్టన్ జట్టు సంగతి చూడండి. వాళ్ల ఫుట్‌బాల్ చేత్తో ఆడేది, అది వేరే ఆటే. ఎర్రతోలువాళ్లు అని అర్థం వచ్చే తిట్టుని పేరుగా పెట్టుకుని 2020 దాకా వదల్లేదు. గౌరవంగానే పెట్టాం అన్నది వాళ్ల వాదన. తిట్టు తిన్నవాణ్ణి అడగకుండా గౌరవం ఎలా తేలుతుందో నాకు అర్థం కాదు.

కోలో కోలోకి ఆడినవాళ్లలో బోసెజూర్ ఒకడు. తండ్రిది హైతీ, తల్లి మపూచే. 2010, 2014 ప్రపంచ కప్పులు రెండింట్లోనూ చిలీకి గోల్ కొట్టాడు. 2019లో దేశం తరఫున ఒక మ్యాచ్‌లో వీపు మీద తండ్రి ఇంటిపేరు తీసేసి, తల్లి ఇంటిపేరు కొలికేయో అని రాయించుకుని దిగాడు. ఈకలు లేవు, రంగులు లేవు. అందరిలాంటి చొక్కాయే. ఆ ఫొటో మా గది గోడకి ఉంది. అన్న, నేను వాదించుకోనిది అదొక్కటే.

ఫోన్ ఆటల గురించి మన ఊళ్లలో చెప్పేదేముంది. సిగ్నల్ దొరికే గుట్ట మీద నలుగురు పిల్లలు వంగి కూర్చున్నారంటే అది ఫ్రీ ఫైరో, పబ్‌జీయో. ప్రభుత్వం వాటిని నిషేధించిన రోజుల్లో కూడా ఏదో రకంగా ఆడారు. మేష్టార్లకి వీటి మీద మంట, అది న్యాయమే. కానీ ఒక ఆట మాత్రం క్లాసులో పెట్టదగ్గది. నెవర్ ఎలోన్, 2014లో వచ్చింది. అలాస్కాలోని ఇనుపియాట్ ఆదివాసులు, వాళ్ల తెగ సంఘం డబ్బు పెట్టి, ఒక కంపెనీతో కలిసి చేయించిన ఆట. నూనా అనే పిల్ల, ఒక తెల్ల నక్క, ఆగని మంచు తుఫాను. కథ చెప్పే గొంతు ఇనుపియాట్ భాషలోనే ఉంటుంది, ఇంగ్లీషు కింద అక్షరాల్లో వస్తుంది. కథ ఏ పెద్దాయన చెప్పిందో ఆయన కూతురి దగ్గరికి వెళ్లి అనుమతి తీసుకున్నారు. మధ్యమధ్యలో ఊరి పెద్దలు వచ్చి మంచు గురించీ వేట గురించీ మాట్లాడతారు. ఆటగా చూస్తే దూకుడు తక్కువ, చివర్లో కొన్ని చోట్ల విసుగొస్తుంది కూడా. అయినా పూర్తి చేశాను. ఇంకో పెద్ద ఆట సివిలైజేషన్‌లో 2018లో కెనడా క్రీ తెగ నాయకుడు పౌండ్‌మేకర్‌ని పెట్టారు. పక్క రాజ్యాల్ని ఆక్రమించుకుంటూ పోయే ఆట అది. మా పద్ధతి అది కాదు కదా, మమ్మల్ని అడిగారా అని ఆ తెగ పెద్ద ఒకాయన బాహాటంగానే అన్నాడు. బొమ్మ అందంగానే గీశారు, సంగీతం కూడా బాగుంది. అడగలేదు, అంతే.

మా అక్క కొడుకు పాడేరులో తొమ్మిదో తరగతి. ఫోన్లో చిన్న చిన్న ఆటలు చెయ్యడం నేర్చుకుంటున్నాడు. మా అమ్మ చెప్పే ఎలుగుబంటి కథతో ఒకటి చేద్దామని వాడికి చెప్పాను. గొంతు అమ్మదే, మా ఆదివాసీ ఒడియాలోనే, తెలుగు కింద అక్షరాల్లో. వాడు ఒకే ప్రశ్న వేశాడు: ఎలుగుబంటిని తరిమేవాడికి ఏం బట్టలు వెయ్యాలి మామా? నువ్వు ఇప్పుడు ఏం వేసుకున్నావో అవే వెయ్యరా అన్నాను. వాడు వేసుకున్నది మెస్సీ చొక్కా.

మొన్న ఆదివారం వాడు ఫోను పట్టుకుని అమ్మ ముందు కూర్చున్నాడు. అమ్మ చెప్పనంది. పగలు కథ చెప్తే మేనమామ దారి తప్పుతాడంట. వాడి మేనమామని నేనే, ఆ పూట పాడేరు ఘాటీలో బస్సులో ఉన్నాను. నేను ఇల్లు చేరేదాకా ఆగమంది.