సుర్మాదానిలో దానా

అబ్బా చెహలుం నాటికి హాల్లోని అక్వేరియం పచ్చబడిపోయింది. రాళ్ల మీద జుట్టులాగా వేలెడంత నాచు. అద్దం మీద పాచి. ఫాతెహాకి వచ్చిన చుట్టాల్లో ఒకాయన "ఇదేంట్రా, చెరువులా తయారైంది, తీసెయ్యరాదూ" అన్నాడు. అమ్మీ విననట్టు లోపలికెళ్లిపోయింది.

అబ్బాది బాపట్ల. సూర్యలంక సముద్రం చూస్తూ పెరిగిన మనిషి. నౌకరీ కోసం హైదరాబాదొచ్చి టోలీచౌకీలోనే రిటైరయ్యాడు. "ఈ షహర్‌లో అన్నీ ఉన్నాయి, సముద్రమొక్కటే లేదు" అనేవాడు. జెద్దాలో ఉన్న మా తమ్ముడు పైసలు పంపితే 200 లీటర్ల ఉప్పునీళ్ల ట్యాంకు పెట్టించుకున్నాడు. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక నీలం డ్యామ్సెల్, నాలుగు నత్తలు, కాసిని రాళ్లు. "ఈ పైసలతో రెండు గాజులొచ్చేవి" అని అమ్మీ అప్పట్లో తెగ సణిగింది.

అబ్బా పోయాక ఆ జిమ్మేదారీ నాది. నాకేమో ఏమీ తెలీదు. తెలీని మనిషి ఏం చేస్తాడు? జల్దీబాజీ చేస్తాడు. దుకాణంలో నాచు మందొకటి కొనుక్కొచ్చి పోశాను. మూడో రోజుకి నత్తలు నాలుగూ తిరగబడి పడున్నాయి. అప్పుడు తీరిగ్గా సీసా మీద రాసింది చదివాను. అది మంచినీళ్ల ట్యాంకులకి చేసిన మందు. అందులో రాగి ఉంది. నత్తలకీ రొయ్యలకీ రాగి జహర్. నాచుని తినిపెట్టేవాటినే నా చేత్తో చంపుకున్నానన్నమాట.

తర్వాత ఇంకెవరో చెప్తే లైటార్పేసి మూడు రోజులు ట్యాంకు మీద నల్ల చాదర్ కప్పాను. నాచు తెల్లబడి ఊడింది. మాషా అల్లా అనుకున్నాను. రెండు వారాల్లో మళ్లీ అంతే మొలిచింది. చచ్చిన నాచుని బయటికి తియ్యకపోతే అది నీళ్లలోనే కుళ్లి కొత్త నాచుకి ఎరువవుతుంది. ఆ సంగతీ అప్పుడు తెలీదు.

చివరికి మెహదీపట్నం వైపు ఉప్పునీళ్ల చేపలమ్మే ఒక పెద్దాయన దగ్గరికి సీసాలో నీళ్లు పట్టుకెళ్లాను. పరీక్ష చేసి చూపించాడు. నైట్రేట్ 60, ఫాస్ఫేట్ అర పాయింటు. నైట్రేట్ పదికి అటూఇటూ, ఫాస్ఫేట్ 0.1కి లోపల ఉండాలట.

"నాచుని చంపడం కాదు బేటా, దాని ఖురాక్ ఆపాలి. నీళ్లేం పోస్తున్నావ్?"

"వంటింటి ఆర్‌వో నీళ్లు."

ఆయన ఇచ్చిన మీటరు ఇంటికి తెచ్చి మా ఆర్‌వో నీళ్లలో ముంచితే 90 చూపించింది. తాగే నీళ్లలో రుచి కోసం మినరల్స్ కలుపుతారు కదా. ట్యాంకుకి కావాల్సింది సున్నా. నీళ్లు ఆవిరైపోతాయిగానీ వాటిలో ఉన్నవి పోవు. రోజూ పోస్తుంటే రోజూ పేరుకుంటాయి. అయితే ఆ పెద్దాయన ఇంకో సవాల్ కూడా అడిగాడు.

"దానా ఎంతమంది వేస్తారు?"

"నేనొక్కణ్నే. పొద్దున ఒక చిటికెడు."

"ఒక్క చిటికెడుకి ఇంత ఫాస్ఫేట్ రాదు. ఇంట్లో కనుక్కో."

కనుక్కోవాల్సిన పని పడలేదు. ఆ రాత్రి మూడింటికి మంచినీళ్లకి లేస్తే హాల్లో చిన్న లైటు. అమ్మీ కుర్సీ వేసుకుని ట్యాంకు ముందు కూర్చుంది. ఒళ్లో దానా డబ్బా. ఒక్కో గుళికా వేస్తోంది. చేపలు మూడూ ఆమె వేళ్ల కిందే ఉన్నాయి.

"అమ్మీ, రోజుకెన్నిసార్లు వేస్తున్నావ్?"

"లెక్కేముందిరా. నిద్ర పట్టదు. ఫజర్ దాకా ఏం చెయ్యను? ఆకలని వస్తాయి పాపం."

నాకు గుస్సా వచ్చింది. రెండు నెలల మేహనత్, నత్తలు, పైసలు అన్నీ గుర్తొచ్చాయి. చేప కడుపు దాని కన్నంత ఉంటుందని, తినగా మిగిలిందీ, తిన్నాక విసర్జించిందీ అంతా నాచుకే పోతుందని, నువ్వు పెట్టే ప్రతి గుళికా వాటికి తక్‌లీఫేనని గబగబా చెప్పేశాను. అమ్మీ డబ్బా మూత పెట్టింది.

"నన్ను చూడగానే ఎదురొస్తాయిరా" అంది. "ఈ ఇంట్లో ఇంకెవరొస్తారు చెప్పు. నువ్వు దుకాన్ నుంచి వచ్చేది పదింటికి. పిల్లలకి ఫోన్లు. మీ అబ్బా ఉంటే ఆయనైనా..."

అక్కడితో ఆపేసింది. నేనూ ఏమీ అనలేకపోయాను.

పొద్దున్నే డబ్బా దాచెయ్యాలనుకున్నవాణ్ని, దాచలేదు. అల్మారాలో అబ్బా ఖాళీ సుర్మాదాని కనిపించింది. కడిగి ఆరబెట్టి, ఆ రోజుకి సరిపడా గుళికలు అందులో పోసి అమ్మీ చేతికిచ్చాను. "రోజుకింతే. ఒకేసారి వేస్తావో, పదిసార్లు వేస్తావో నీ మర్జీ." అమ్మీ మూత తీసి చూసి "ఇంత కంజూసీనా" అంది. కానీ పుచ్చుకుంది. ఇప్పుడు ఫజర్‌కి రెండు, జొహర్‌కి రెండు, ఇలా లెక్కపెట్టుకుని వేస్తోంది. రాత్రి మూడింటికని కూడా రెండు దాచుకుంటుంది.

మిగతా పనులు నావి. జీరో నీళ్లిచ్చే ఫిల్టర్ పెట్టించాను. లైటు పన్నెండు గంటల నుంచి ఎనిమిదికి తగ్గించాను. వారానికి 20 లీటర్లు తీసి, కొత్త నీళ్లలో ముప్పావు కిలో దాకా ఉప్పు కలిపి పోస్తాను. 200లో 20 మారిస్తే నైట్రేట్ 60 కాస్తా 54 అవుతుంది, అంతే. అందుకే నీళ్లు మార్చడమొక్కటే ఇలాజ్ కాదు. దానా తగ్గితేనే దిగుతుంది. ఫాస్ఫేట్ ఇంకా జిద్దీ. రాళ్లు దాన్ని పీల్చుకుని దాచుకుంటాయి, నీళ్లలో తగ్గగానే మళ్లీ కొంచెం కొంచెం వదులుతాయి. మొదటి నెల నీళ్లు బాగుపడ్డా నాచు అలాగే ఉంటే చూసి హైరాన్ కాకండి. సబర్ పట్టాలి.

ఆదివారం రాళ్లు తీసి, ట్యాంకులోంచి తోడిన ఉప్పునీళ్ల బకెట్లోనే పెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతాం. ఆ పని అమ్మీది. కొళాయి కింద పెడితే రాళ్లలో ఉండే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుందని ఇప్పుడు ఆమే మా పిల్లలకి చెప్తోంది. రుద్దుతూ బాపట్ల ముచ్చట్లు కూడా చెప్తుంది. నికాహ్ అయిన కొత్తలో అబ్బా సూర్యలంక తీసుకెళ్తే, అలకి భయపడి ఆయన షేర్వానీ పట్టుకుని చింపేసిందట. ఇన్నేళ్లలో ఈ కిస్సా నేనెప్పుడూ వినలేదు.

నాలుగు నెలలయింది. నైట్రేట్ పదికొచ్చింది. నాచు పూర్తిగా పోలేదు, వెనకద్దం మీద కొంచెముంది. కొత్త నత్తల కోసం దాన్నలాగే ఉంచాం. అంతా సున్నా చెయ్యాలని జిద్ పడితే డైనోఫ్లాజెల్లేట్లని ఇంకో గోధుమరంగు జిగురు పడుతుందట. దాన్ని వదిలించుకోవడం నాచు కన్నా ముష్కిల్ అని పెద్దాయన హెచ్చరించాడు.

నేను దుకాన్ ఎనిమిదింటికే కట్టేస్తున్నాను. ఇంటికి రాగానే అమ్మీ పక్కన ఇంకో కుర్సీ ఉంటుంది. సుర్మాదానిలో చివరి రెండు గుళికలు నా కోసం ఉంచుతోంది.