దీపము వెనుక కూర్చున్నవాడు



దీపము వెనుక కూర్చున్నవానికి దీపపు మసక తెలియదు. ఈ మాట నేను పుస్తకములో చదివి నేర్చుకొన్నది కాదు. మా దాచేపల్లి దాపుననే, ఒక రాత్రివేళ, రోడ్డుమీద నేర్చుకొంటిని.

నా కారు పాతది. పదునాలుగేండ్లనుండి ఎండలోనే నిలుచుచున్నది. పోయిన మిరపకోతల కాలమున ఒక పల్లెలో కూటము ముగించుకొని, చీకటిపడిన తరువాత తిరిగి వచ్చుచుంటిని. దారిలో మిర్చి టిక్కీల ట్రాక్టరు ట్రక్కు ఒకటి వెనుకదీపము లేక ఆగియుండెను. దాని ప్రక్కన కూలికి పోయి వచ్చు స్త్రీలు నలుగురు నిలువబడియుండిరి. మిక్కిలి దగ్గరకు వచ్చువరకు వారు నా కంటబడలేదు. బ్రేకు బలముగా త్రొక్కితిని. కారు ఒక ప్రక్కకు జారి ఆగెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. వారిలో పెద్దామె గుండెమీద చేయి వేసికొని, “అయ్యగారూ, లైట్లేసుకుని రాకూడదా?” అనెను.

నా దీపములు వెలుగుచునే యుండెను!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినను తెల్లవారిన తరువాత నేను చేసిన మొదటి పని, తప్పును మరియొకచోట వెదకుట. ట్రాక్టరువానిదే నేరమంటిని. నా కన్నులు మందగించెనని కంటి అద్దములు మార్పించితిని. బల్బులు మార్పించితిని. ఏమియు ఫలము లేదు. కడకు మెకానిక్కు కుర్రవాడొకడు కారు ముందు మోకరించి, హెడ్‌లైటు అద్దమును గోటితో గీచి చూచి, “బల్బు బాగానే ఉందండీ. దాని మొహమే మసకేసింది” అనెను. ఇన్నేండ్లు ఆ కారు నడిపితిని గాని, దీపములు వేసి దాని యెదుట నిలిచి చూచినది లేదు.

నా చిన్నతనమున మా అమ్మ ప్రతి సాయంకాలము లాంతరు చిమ్నీని బూడిదతో తోమెడిది. అది గాజు గనుక, మసి పోగానే వెలుగు వచ్చెడిది. పూర్వపు కార్ల దీపములకును గాజే యుండెను. ఇప్పటివి పాలికార్బొనేటు అను ప్లాస్టిక్కు. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డానియల్ ఫాక్స్ అనువారు వేరువేరుగా దీనిని కనుగొనిరి. ఇది తేలికైనది, రాయి తగిలినను సులభముగా పగులదు. గాని ఎండకు ఓర్వలేదు, త్వరగా గీతలు పడును. అందుచేత దానిపై పలుచని గట్టి పూత వేయుదురు. ఎండలోని అతినీలలోహిత కిరణములు ఏండ్ల తరబడి ఆ పూతను తినివేయును. అటుపిమ్మట ప్లాస్టిక్కు పసుపెక్కి మసకబారును. మాది సున్నపురాతి సీమ. లారీలు లేపు దుమ్మును పొడిగుడ్డతో తుడిచినప్పుడెల్ల సన్నగీతలు పడును. అమెరికా వాహనదారుల సంఘమైన ఏఏఏ 2018లో పరీక్షించి, బాగుగా మసకబారిన దీపము క్రొత్తదాని వెలుగులో సుమారు అయిదవవంతు మాత్రమే యిచ్చుననియు, బాగుచేసినచో సుమారు 70 శాతము తిరిగి వచ్చుననియు తెలిపెను.

నేను మొదట పళ్లపేస్టుతో రుద్దితిని. అరగంటలో మెరిసెను. ఇరుగుపొరుగువారికి చూపి అతిశయపడితిని. రెండు నెలలలో మరల మసకేసెను. ఏలయనగా పేస్టులోని గరుకు చెడిన పొరను కొంత అరగదీయునే గాని, పోయిన పూతను తిరిగి యియ్యదు.

రెండవసారి పని సరిగా చేసితిని. మీరును ఇంటివద్దనే చేయవచ్చును. బండిని నీడకు చేర్చి, అద్దమును సబ్బునీళ్లతో కడుగుడి. చుట్టునున్న రంగు చెడకుండ కాగితపు టేపు అంటించుడి. పిమ్మట 1000 నంబరు వాటరు పేపరును నీట తడుపుచు, అద్దమంతయు సమానముగా రుద్దుడి. తరువాత 1500, 2000, 3000 నంబర్లు వరుసగా వాడుడి. ఒకటి అడ్డముగా రుద్దినచో మరియొకటి నిలువుగా రుద్దవలెను. ముందటి గీతలు పోయినవో లేదో అప్పుడు తెలియును. మొదట అద్దము మునుపటికన్న తెల్లబడును. అక్కడ భయపడి మానినవాడు పని చెడగొట్టుకొనును. పసుపునీరు కారుట ఆగి, తెల్లనినీరు వచ్చువరకు ఓపిక పట్టవలెను. పిమ్మట పాలిష్ కాంపౌండుతో మెత్తని గుడ్డ పట్టి రుద్దుడి. కడపట, బాగుగా ఆరిన అద్దముపై ఎండను ఆపు యూవీ పూత వేయుడి. నేను మొదట విడిచిపెట్టినది ఈ పనినే. ఇది లేనిచో తక్కిన శ్రమయంతయు వ్యర్థము.

అద్దము లోపల చెమ్మ చేరినను, లోతైన చీలికలున్నను ఈ పని చాలదు, దీపమునే మార్పించవలెను. పని ముగిసిన తరువాత గోడమీద వెలుగు పడు చోటు చూచుకొనుడి. మన వెలుగు ఎదుటివాని కన్నులలో పొడువకూడదు.

కారు లేదని ఈ మాటలు ప్రక్కన పెట్టకుడి. మీ మోటారుసైకిలుకును ఆటోకును ఉన్నది సాధారణముగా ఈ ప్లాస్టిక్కే. ఈ సాయంకాలము బండి దీపము వేసి, దిగి, పది అడుగులు ముందుకు పోయి, వెనుకకు తిరిగి చూడుడి. లేక మరియొకరిని ఎదుట నిలువబెట్టి, ఎట్లున్నదో అడుగుడి. వారు చెప్పినదానికి కోపపడకుడి. నాకు ఆ మాట చెప్పిన పెద్దామె పేరైనను నేనెరుగను. ఆమెకు నేను ఋణస్థుడను.