ఒక్క ఆటతో ఎత్తేసిన పందెం

రిలీజు రోజున హౌస్‌ఫుల్ బోర్డు పెట్టి, మర్నాడే బొమ్మ ఎత్తేసిన హాలుని మీరెప్పుడైనా చూశారా? చిక్కడపల్లి, నారాయణగూడ హాళ్ళ చుట్టూ తిరుగుతూ పెరిగినవాణ్ణి, నేనైతే చూడలేదు. జనం రాక బొమ్మ లేచిపోవడం మామూలే. జనం వచ్చాక కూడా లేచిపోవడమే విడ్డూరం! ఆ విడ్డూరం మన ఊళ్ళోనే జరిగింది. సినిమాకి కాదు లెండి, కార్ల పందేనికి.

2023 ఫిబ్రవరి 11, శనివారం. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పందెం జరిగింది. కరెంటు కార్ల పందెం అది. 2014లో బీజింగ్‌లో మొదలైన ఈ పోటీ మనదేశంలో అడుగుపెట్టడం అదే మొదలు. లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్డు... మనం సాయంత్రం పూట మొక్కజొన్న కంకి తింటూ తిరిగే రోడ్లే 2.8 కిలోమీటర్ల ట్రాకు అయిపోయాయి. పద్దెనిమిది మలుపులు!

నేనుండే హైదర్‌గూడ నుంచి బషీర్‌బాగ్ మీదుగా నడిస్తే సాగర్ ఎంతో దూరం లేదు. ఆ వారమంతా ఆ పక్క రోడ్లు మూసేస్తే మా వీధిలో తిట్టుకోనివాడు లేడు. నేను మాత్రం టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాను. నా బండి బాగుచేసే నారాయణగూడ మెకానిక్ కుర్రాణ్ణి కూడా లాక్కెళ్ళాను.

మొదటి కారు మా ముందు నుంచి దూసుకుపోగానే వాడు నావైపు తిరిగి, "అన్నా, సౌండేదన్నా?" అన్నాడు.

పాపం, వాడి బాధ న్యాయమైనదే. మన కథానాయకుడు కారెక్కితే హాలు కుర్చీలు అదరాలి కదా! ఇక్కడేమో కీచుమని సన్నటి కూత, అంతే. కానీ ఆ కూత వెనకాల గంటకి 322 కిలోమీటర్ల దాకా వెళ్ళగల బండి ఉంది. తమాషా ఏమిటంటే, బ్రేకు వేసినప్పుడల్లా చక్రాల వేగం తిరిగి కరెంటై బ్యాటరీలోకి చేరుతుంది. పందెంలో ఖర్చయ్యే కరెంటులో దాదాపు నలభై శాతం అలా వచ్చిందే. అంటే ఎంత గట్టిగా తొక్కాడన్నది ఒక్కటే కాదు, ఎంత పొదుపుగా తొక్కాడన్నది కూడా లెక్కే.

ఆ రోజు క్లైమాక్సు సరిగ్గా ఆ పొదుపు మీదే నడిచింది. ముందున్న ఫ్రెంచి డ్రైవరు జీన్ ఎరిక్ వెర్న్ దగ్గర కరెంటు తక్కువ. వెనకాల తరుముతున్న న్యూజిలాండ్ వాడు నిక్ కాసిడీ దగ్గర ఎక్కువ. చివరి రౌండ్లలో మలుపు మలుపుకీ కాసిడీ ముక్కు దూర్చబోతున్నాడు, వెర్న్ తలుపు మూస్తున్నాడు. చివరికి అర సెకను కూడా తేడా లేకుండా వెర్న్ గెలిచాడు. అప్పటికి మా మెకానిక్ సౌండు సంగతి మరిచిపోయి కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

మరి మరుసటి ఏడు? 2024 ఫిబ్రవరి 10 అని తేదీ కూడా వేశారు. ఈలోగా రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఒప్పందం మీద, డబ్బు చెల్లింపుల మీద తగాదా వచ్చింది. జనవరి 5న పందెం రద్దయినట్టు నిర్వాహకులు ప్రకటించారు. ఆ ఏడాది డిసెంబరులో ఏసీబీ కేసు కూడా పెట్టింది. తప్పెవరిదో తేల్చడానికి కోర్టులున్నాయి. నా గోడు వేరే.

పందేనికి పేరు ఒక్కరోజులో రాదు. ఫ్రాన్సులో లెమాన్ ఇరవైనాలుగు గంటల పందెం 1923లో మొదలైంది. మధ్యలో యుద్ధం వచ్చి ఆగినా, మళ్ళీ లేచింది. అందుకే 1970 నాటి అసలు పందెంలోనే కెమెరాలు బిగించిన కారుని దింపి, స్టీవ్ మెక్వీన్‌తో 'లెమాన్' సినిమా తీయగలిగారు. 1966 నాటి పోటీ మీద 2019లో 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ' వచ్చింది. తాత చూసిన పందేన్ని మనవడు చూస్తేనే దానికొక కథ ఉంటుంది. మనదేశంలోనేమో 2011లో నోయిడా దగ్గర ఫార్ములా వన్ వచ్చింది, మూడేళ్ళు ఆడి 2013తో వెళ్ళిపోయింది. మనదైతే మరీ ఘోరం, ఒక్క ఆటే!

పోనీ మనవాళ్ళకి సరదా లేదా అంటే, ఎందుకు లేదు? 'ప్రేమ పుస్తకం'తో తెలుగు తెర మీద కనిపించిన అజిత్ పుట్టింది సికింద్రాబాదులోనే. 2025 జనవరిలో దుబాయ్ ఇరవైనాలుగు గంటల పందెంలో ఆయన జట్టు తన తరగతిలో మూడో స్థానం కొట్టింది. నాగచైతన్య 2024లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ అనే రేసింగ్ జట్టునే కొన్నాడు.

హీరోలకు జట్లున్నాయి, ట్రాకులున్నాయి. మరి మామూలు కుర్రాడి సరదా ఎక్కడికి పోవాలి? నాతో డిగ్రీ చదివిన ఒకడు అర్ధరాత్రి అదే నెక్లెస్ రోడ్డు మీద బైకు పందేనికి దిగాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు. ఫార్ములా ఈ రోజున అక్కడే ఒకే జట్టుకి చెందిన రెండు జాగ్వార్లు ఢీకొన్నాయి. పందెమైతే పోయింది గానీ, డ్రైవర్లిద్దరికీ ఏమీ కాలేదు. రోడ్డదే, వేగం ఇంకా ఎక్కువ. తేడా ఎక్కడంటే కంచెలో, హెల్మెట్‌లో, చెయ్యెత్తితే పరుగెత్తుకొచ్చే డాక్టరులో. ఏటేటా కళ్ళముందు పందెం జరిగే ఊళ్ళో కుర్రాళ్ళకి ఆ తేడా ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. చూసి నేర్చుకుంటారు.

చూసి నేర్చుకున్నవాడు నాకొకడు తెలుసు కూడా. ఆ పందెం అయ్యాక మా మెకానిక్ కరెంటు స్కూటర్ల పని నేర్చాడు. ఇప్పుడు వాడి షెడ్డులో సగం బండ్లు అవే. ఒక్క ఆటకే ఒక కుర్రాడి బతుకు ఇంత మలుపు తిరిగితే, వంద రోజులు ఆడుంటే ఎంతమంది తిరిగేవారో!

సాగర్ మధ్యలో నిలబడ్డ బుద్ధుడు 1990లో నీళ్ళలో మునిగాడు, 1992లో లేచాడు. ఆయన కాళ్ళ దగ్గర ఆగిన పందెం కూడా లేస్తుందేమో! లెక్కాపత్రాలు తేల్చుకుని, అందరికీ కనపడేలా ఒప్పందం రాసుకుని, మళ్ళీ మొదలుపెట్టమనే నేననేది. ఈసారి రోడ్లు మూస్తే తిట్టుకోవద్దని మా వీధివాళ్ళకి నేను నచ్చజెబుతాను. మీ వీధి సంగతి మీరు చూసుకోండి మరి!