క్రియాటినిన్ ఎంత?

డయాలసిస్ రోజున చిన్నాన్నతో పలాస బస్సెక్కితే పక్కసీటు వాళ్లు మొదట అడిగేది అదే. పిన్ని అంకె చెప్తుంది. ఉద్దానంలో క్రియాటినిన్ ఇంగ్లీషు మాట కాదు, కొబ్బరికాయ ధరలాగా అందరి నోటా నలిగే మాట.

"మీ అబ్బాయేం చేస్తన్నాడు?" అంటే మాత్రం "విశాఖలో ఉన్నాడు" అంటుంది. వాడు ఇంట్లోనే ఉన్నాడు, తలుపేసుకుని. గంజాయి.

చిన్నాన్న జబ్బుకి కారణం ఇప్పటికీ తేలలేదు. నీళ్లన్నారు, సిలికా అన్నారు, ఎండలో పనన్నారు. తేలలేదని వైద్యం ఆగలేదు. డయాలసిస్ కేంద్రాలొచ్చాయి, నెలకి 10,000 రూపాయల పెన్షనొచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. జనం ఏళ్లతరబడి అడిగితేనే వచ్చాయివన్నీ. సిగ్గుపడే జబ్బు కాదు కాబట్టి అడగగలిగారు.

ఆ పెన్షన్ డబ్బులే ఒకసారి తమ్ముడు ఎత్తుకుపోయాడు. ఆరోజు వాడి మీద చెయ్యి చేసుకున్నాను. "కిడ్నీ జబ్బు దానంతటదే వచ్చింది, ఇది నువ్వు కొనితెచ్చుకున్నావు" అన్నాను. ఇప్పుడా మాట సగమే నిజం అనిపిస్తుంది. మొదటిసారి తాగింది వాడి ఇష్టమే. మానలేకపోవడం కూడా ఇష్టమేనా?

మత్తు గురించి మన వాదనెప్పుడూ సరుకు చుట్టూనే. 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. అమ్మాలా, ఆపాలా అని మా ఇంట్లోనూ తెగ కొట్టుకున్నారు. అలవాటుపడినవాణ్ణి ఏం చెయ్యాలో ఎవరూ మాట్లాడలేదు. గంజాయి దగ్గరికొస్తే మాకు కనబడే ప్రభుత్వం పోలీసే. కేసవుతుందన్న భయంతో పిన్ని వాణ్ణి డాక్టరుకీ చూపించలేదు.

లాయరు స్నేహితుడొకడు చెప్పేదాకా నాకూ తెలీదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే సెక్షన్ 64ఏ ఉంది. వాడినందుకో, కొద్ది మోతాదుతోనో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తానే గుర్తింపు ఉన్న కేంద్రంలో వైద్యానికి సిద్ధపడితే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు. వైద్యం పూర్తి చెయ్యకపోతే అది రద్దు కావచ్చు. సలహాకి 14446 అనే ఉచిత నంబరూ ఉంది.

పిన్నికి చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "అయితే ఆడిదీ రోగమేనా?" అంది.

మొన్న బస్సులో మళ్లీ అదే ప్రశ్న. ఈసారి పిన్ని "ఆడికి ఒంట్లో బాగోలేదు" అంది. పక్కావిడ వెంటనే, "అయ్యో, ఏ ఆస్పత్రిలో చూపిస్తన్నారు?" అనడిగింది.

పిన్ని నా వైపు చూసింది.